సముద్రం అవతల బడి

విశాఖ నుంచి మిడిల్ పాయింట్‌కి మకాం మార్చినప్పుడు మేం దేశం దాటలేదు. కానీ మధ్యలో దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. మా ఆరేళ్ల అమ్మాయికి 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పోర్ట్ బ్లెయిర్ విదేశమే. నవంబర్‌లో సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంటే బిక్కమొహం వేసేది. బడిలో, వీధిలో అంతా హిందీ. త్వరగా అలవాటవుతుందని నేను ఇంట్లోనూ హిందీయే మొదలెట్టాను. తను మాట్లాడటమే తగ్గించేసింది. తప్పు తెలిసి తెలుగుకి తిరిగొచ్చాను.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. ఓరోజు చేపలమ్మే అవ్వ సిక్కోలు యాసలో, ‘ఏ ఊరు తల్లీ మీది?’ అంది. అమ్మాయి మొహం వెలిగిపోయింది. కొన్ని నెలలకు పక్కింటి పిల్లలకు హిందీలో తొక్కుడుబిళ్ల నేర్పుతూ కనిపించింది. తన భాష తన వెంటే ఉందన్న ధైర్యం వచ్చాక, కొత్తది తనే నేర్చుకుంది.