పాతికడుగులకు మూడంగుళాలు

మా మేనమామకి డెబ్భై రెండేళ్లు. నందిగామ దగ్గర ఒక పల్లెలో ఉంటాడు. రెండేళ్ల కిందట రెండు కళ్లకీ శుక్లాలు తీయించాం. పగలు పేపర్లో చిన్నచ్చు వేలం ప్రకటన కూడా వదలకుండా చదువుతాడు. రాత్రి కారెక్కితే మాత్రం రోడ్డు కనపడటం లేదంటాడు. కళ్ల డాక్టరు మూడుసార్లు చూసి, కళ్లు లక్షణంగా ఉన్నాయని పంపేశాడు. దాంతో మావయ్య సాయంత్రం ఆరు దాటితే బండి తీయడం మానేశాడు. రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లూ మానేశాడు. మాకు రాత్రి కాని ముహూర్తాలెన్ని!

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కారు నేను నడిపాను. నందిగామ నుంచి ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. రెండో కిలోమీటరులోనే తెలిసిపోయింది, చెడింది మావయ్య కళ్లు కావని. లైట్లు వేశానో లేదో దిగి చూసుకుంటే తప్ప తెలియడం లేదు. పత్తి బోరాలు ఎత్తుకు ఎత్తు నింపిన ట్రాక్టరు తొట్టి, వెనక ఎర్ర దీపం లేదు, మెరిసే బిళ్ల లేదు, ముప్పై గజాల దూరంలో ఉన్నట్టుండి రోడ్డంత అడ్డంగా లేచింది. నలభైలో వెళ్తున్నాను కాబట్టి ఆగింది. వెనక సీట్లో అత్తయ్య ఏడుకొండలవాణ్ణి గట్టిగా పిలిచింది. మావయ్య మాత్రం సంతోషంగా అన్నాడు: "చూశావుట్రా, నీకూ కనపడలేదు!"

అలా ఆ కారు విజయవాడ ఆటోనగర్ చేరింది. లైట్ల పనికి ఫలానా మేస్త్రి దగ్గరికే వెళ్లమని మా ఆఫీసు డ్రైవరు చెప్పాడు. "మిగతావాళ్లు బల్బు మారుస్తారు సార్, ఆయన లైటు బాగుచేస్తాడు" అన్నాడు. ఆ రెంటికీ తేడా ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

ఆటోనగర్ గురించి రాయబోతే లారీ బాడీలు కట్టే చోటే ఆగిపోతాం. చెక్కా ఇనుమూ కలిసి లారీ అయ్యే తీరు మరోసారి చూసుకుందాం. మేస్త్రి కొట్టు ఒక రేడియేటర్ల షాపు పక్క సందులో ఉంది. పదడుగుల వెడల్పు, ఒక బల్ల, ఒక బెంచీ. ఎదురుగా ఖాళీ స్థలం, దాని చివర ఒక ప్రహరీ గోడ. ఆ గోడ నిండా సుద్దగీతలు, చెరిపి గీసి, గీసి చెరిపి. ఎవరో పిల్లల పని అనుకున్నాను.

మేస్త్రికి అరవై దగ్గర. కుడి బొటనవేలి గోరు కావాలని పెంచుకున్నాడు, వైరు తొడుగు ఒలవడానికి. ఎడమ చూపుడు వేలి మీద టంకం కాలిన మచ్చలు. ఇంజన్ స్టార్ట్ చేసి లైట్లు వెయ్యమన్నాడు. బానెట్ ఎత్తి, మీటరు తీయకముందు ఒక పని చేశాడు. చేతి వెనక భాగంతో వైర్ల జాయింట్లు ఒక్కొక్కటీ తాకుతూ వెళ్లాడు, జ్వరమొచ్చిన పిల్లాడి మెడ చూసినట్టు. హోల్డరు దగ్గర ఆగాడు. "ఇక్కడ వేడి. కరెంటు ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ వేడండి."

తర్వాత మీటరు. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. బల్బు దగ్గర 11.8. ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బుకి వచ్చే వైరు మీద పెట్టి చూపించాడు: దారిలోనే ఒకటిన్నర వోల్టు పోతోంది. మైనస్ వైపు చూస్తే ఇంకో 0.6. ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తుప్పు.

"రెండు వోల్టులే కదండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మీది ఏ వూరు?"

చెప్పాను.

"మాది తిరువూరు వైపండి. సాగర్ ఎడమ కాలవ చివరి ఆయకట్టు. డ్యాములో నీళ్లు నిండుగా ఉన్నాయని పేపర్లో వేస్తారు. మా చేలో నారు ఎండుతుంది. నీళ్లు లేకా? ఉన్నాయి. కాలవలో పూడిక. ఈ బల్బు కూడా చివరి ఆయకట్టేనండి."

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు పదో వంతే తగ్గదు, దాదాపు మూడో వంతు పోతుంది. వోల్టేజీని సుమారు మూడున్నర సార్లు దానితోనే గుణించిన నిష్పత్తిలో వెలుతురు మారుతుంది. అంటే 13.9 చేరాల్సిన చోట 11.8 చేరితే, రావలసిన వెలుగులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే వస్తుంది. మావయ్య రెండేళ్లుగా సగం దీపంతో తిరిగి, తప్పు కళ్లమీద వేసుకున్నాడు.

ఎందుకు పోతోంది? ఈ పాత చిన్న కార్లో లైట్ల కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్చిలోంచే వెళ్లి రావాలి. డిమ్‌లో రెండు 55 వాట్ల బల్బులు కలిసి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతాయి. బ్యాటరీ నుంచి సన్నటి తీగలో డాష్‌బోర్డు దాకా లోపలికెళ్లి, స్విచ్చి పాయింట్ల మీద కార్బన్ దాటి, మళ్లీ ముందుకి రావాలి. మేస్త్రి చేసింది రిలే వేయడం. పాత స్విచ్చి ఇప్పుడు చిన్న కరెంటుతో రిలేకి సైగ మాత్రం చేస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి, పక్కనే ఒక ఫ్యూజు దాటి, లావు తీగలో నేరుగా బల్బుకి పోతుంది. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి, రెండు రిలేలు. ఇందులో కొత్త సంగతేమీ లేదు, చాలా కార్లకి కంపెనీలోనే ఉంటుంది. గొప్పంతా చేతిలో ఉంది. ప్రతి లగ్గునీ నొక్కి, టంకం పెట్టి, స్లీవు తొడిగి, లాగి చూశాడు. ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకుని ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, పైన గ్రీజు రాశాడు. ఒక బోల్టుకి పావుగంట. పక్కన నిలబడి వాచీ చూసుకున్న నాకు సిగ్గేసింది.

ఈలోగా ఆయన శిష్యుడు, పదహారు పదిహేడేళ్ల కుర్రాడు, లైటు అద్దాలు పట్టాడు. పేరుకి అద్దాలే గానీ ఇప్పటివి ప్లాస్టిక్. ఎండకి పైపొర పాడై, కల్లుముంత రంగుకి తిరుగుతాయి. నీళ్లు చిలకరిస్తూ ముందు ఆరొందల నంబరు వాటర్ పేపరు, తర్వాత వెయ్యి, తర్వాత రెండువేలు, చివర కాంపౌండు. నేను టూత్‌పేస్ట్ సంగతి ఎత్తాను. కుర్రాడు జాలిగా చూశాడు. "వారం మెరుస్తుందండి. పైన లక్కర్ కొట్టకపోతే మా పని కూడా ఆర్నెల్లే."

బెంచీ మీద ఒక లారీ డ్రైవరు టీ తాగుతూ ఎవరితోనో అంటున్నాడు, నాతో కాదు. "ముప్పై ఏళ్ల నుంచి తోల్తున్నా. ఒకప్పుడు మనం డిప్పర్ కొడితే ఎదుటోడు దించేవోడు. దించకపోతే తిట్టేవోళ్లం, వాడికీ తెలిసేది. ఇప్పుడు నేను దించినా, వాడు దించినా కూడా ఒకటే తెలుపు. ఎవడు దించాడో తెలిసి చావదు." లారీల వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని పూలతీగల మధ్య రాసే పెయింటర్లు ఇదే ఆటోనగర్‌లో ఉన్నారు. ఆ మాట చదివి పాటించేవాడు కరువయ్యాడు. ఒకప్పుడు పోలీసులు బండ్లు ఆపి హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసేవాళ్లు. మొరటు వైద్యమే, కానీ ఎదుటివాడికీ కళ్లుంటాయన్న జ్ఞాపకం అందులో ఉండేది.

నాలుగు దాటాక పెద్ద బండిలో ఒక యువకుడు వచ్చాడు. చేతిలో ఎల్‌ఈడీ బల్బుల డబ్బా. దాని మీద ఇరవై వేల ల్యూమెన్లని అచ్చు. 1971 నుంచీ వాడుకలో ఉన్న మామూలు హెచ్4 హాలోజెన్ బల్బు ఇచ్చేది బ్రైట్‌లో 1650 ల్యూమెన్లు, డిమ్‌లో వెయ్యి. ఆ వెయ్యి ఎక్కడ పడాలో చెప్పడానికే ఆ బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కింది సగం వెలుగుని ఆపేస్తుంది. పై సగం మాత్రమే రిఫ్లెక్టరుకి తగిలి రోడ్డు మీదికి వంగుతుంది. రిఫ్లెక్టరు వంపు ఆ ఫిలమెంటు ఉన్న చోటుకే లెక్కగట్టి పోత పోస్తారు. ఆ చోట్లో అంత సన్నటి తీగకి బదులు ఇంత పలకల దీపం పెడితే, వెలుగు తనకి తోచిన వైపల్లా పోతుంది.

మేస్త్రికి ఇదంతా తెలుసు. తెలిసీ ఆ బల్బులు బిగించాడు. నాకు ఒళ్లు మండింది. ఆ యువకుడు వెళ్లాక అడిగాను.

"నేను వెయ్యనంటే రెండు కొట్లవతల వేస్తారండి. వాళ్లు గోడ దగ్గరికి కూడా తీసుకుపోరు. నేను కనీసం కిందికి దించి పంపాను." కాసేపాగి, "రిలే పనికి నాలుగు గంటలు. మీరు ఎంతిస్తారు? అది ఆ బల్బుల మీద అరగంటలో వస్తుంది. ఇంటద్దె వాటిదేనండి" అన్నాడు.

బల్ల కింద హార్లిక్స్ సీసా ఒకటి ఉంది, నిండా కాలి ముద్దయిన హోల్డర్లు. వంద వాట్ల బల్బులు పాత వైరింగ్‌కే తగిలించినవాళ్లవి. పూడిక తీయకుండా ఎక్కువ నీళ్లు వదిలితే గట్టు తెగుతుంది కదా. అమ్మకానికి కాదు, వచ్చినవాళ్లకి చూపించడానికి దాచాడట. ఎవరైనా చూశారా అంటే, "సెల్ఫోన్లో ఫోటో తీసుకుంటారండి" అన్నాడు.

చీకటి పడేదాకా ఉండమన్నాడు. ఆ సుద్దగీతల గోడ అప్పుడు అర్థమైంది. కారుని గోడకి సరిగ్గా పాతిక అడుగుల దూరంలో నిలబెట్టాడు. టైర్లలో గాలి చూశాడు. కుర్రాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. లైటు మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద ఒక గీత, దానికి మూడంగుళాలు కింద ఇంకో గీత. నూటికి ఒకటి చొప్పున వెలుగు దిగాలి, పాతికడుగులకు మూడంగుళాలు. డిమ్ వేశాక గోడమీద వెలుగుకీ చీకటికీ మధ్య కత్తితో కోసినట్టు అంచు రావాలి. కుడివైపు ఆ అంచు గీత మీదే పడుకోవాలి, ఎదురొచ్చేవాడు అటే ఉంటాడు కాబట్టి. ఎడమవైపు మాత్రం మెల్లగా పైకి లేవాలి, రోడ్డు వారన నడిచేవాడూ సైకిలువాడూ అటు ఉంటారు కాబట్టి. ఇంత మర్యాద ఆ దీపంలో దాగుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

మా ఎడమ లైటు చెట్ల కొమ్మల్ని చూస్తోంది. ఎప్పుడో బంపరు తగిలితే, బాగుచేసినవాడు లైటుని ఉన్నపళంగా బిగించేశాడు. మేస్త్రి స్క్రూడ్రైవరుతో ఒక్కో చుట్టు తిప్పుతూ, గోడ దాకా నడిచి, వేలితో అంచు తడిమి, వెనక్కొచ్చి, పావు చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ గోడ దాకా నడిచాడు. అలా ఏడెనిమిది సార్లు. డాష్‌బోర్డు మీద సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం చూపించి, వెనక బరువున్నప్పుడు దీన్ని తిప్పి లైటు దించాలన్నాడు. మావయ్య డిక్కీలో ఎప్పుడూ రెండు ధాన్యం బస్తాలుంటాయి. ఆ చక్రం మీటరు వెలుగుదనుకుని ఆయన దాన్ని సున్నా దగ్గరే ఉంచేశాడు.

ఈ కారు కొని పదమూడేళ్లు. సొంత కారుకి మొదటి పదిహేనేళ్లు ఫిట్‌నెస్ చూపించమని ఎవరూ అడగరు. పొగ చూస్తారు, బీమా చూస్తారు. లైటు ఎటు చూస్తోందో చూసే నాథుడు లేడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 155 మీటర్ల దూరంలో మనిషి ఆనని వేళ దీపాలు వేసుకోవాలని కొలతతో సహా ఉంది. వేసుకున్న దీపం కొలిచేది మాత్రం ఈ సందులోని గోడ. గంటకి ఎనభైలో వెళ్లే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. మెదడు తేరుకుని కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ముప్పై పైచిలుకు మీటర్లు, ఆగేసరికి ఇంకో ముప్పై అయిదో నలభయ్యో. ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషిని మంచి డిమ్ లైటు కూడా యాభై అరవై మీటర్లకి మించి చూపించదు. సగం దీపం సంగతి ఇక చెప్పేదేముంది! నాలుగు, ఆరు వరుసల రోడ్లు వేసి, డివైడర్ల మీద వెలుగు ఆపడానికి గన్నేరు మొక్కలు నాటి, నీళ్ల ట్యాంకర్లు తిప్పి పెంచుతున్నాం. ఒక్కో కారుకి స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పించడం మాత్రం మనవల్ల కావడం లేదు. శిష్యుణ్ణి అడిగాను, ఈ పని నేర్చుకుంటావా అని. వచ్చే నెల కారు డెకార్స్ షాపులో చేరుతున్నాడట. ఏసీ ఉంటుందట.

తిరుగు దారిలో ఇబ్రహీంపట్నం దాటాక డిమ్‌లోనే రోడ్డు వారన తెల్లగీత చాలా దూరం కనపడింది. గన్నేరు మొక్కలు ఎండిన చోటల్లా అటువైపు నుంచి ఎవరి ఇరవై వేల ల్యూమెన్లో టపా టపా కళ్లలో కొట్టాయి. రెండుసార్లు డిప్పర్ కొట్టి ఊరుకున్నాను.

నాలుగో రోజు మావయ్య ఫోను చేశాడు. "రాత్రి రిసెప్షనుకి వెళ్లొచ్చాంరా. రామాలయం మలుపులో రోడ్డు మధ్య కుక్క పడుకునుంది, నీళ్ల ట్యాంకు దగ్గర్నుంచే కనపడింది. మీ అత్తయ్య ఎవర్నీ పిలవలేదు."

బాగుందన్నాను.

"బాగానే ఉంది కానీ, తలుపు తీస్తే లోపలి లైటు వెలగట్లేదు. నీ మేస్త్రి ఏదో వైరు పీకేశాడు. మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావు?"