శాశ్వత చిరునామా

ఏ దరఖాస్తు ఫారం తీసుకున్నా మొదటి పేజీలోనే రెండు గడులు కనిపిస్తాయి. ఒకటి శాశ్వత చిరునామా, రెండోది ప్రస్తుత చిరునామా. సొంత ఇల్లు, సొంత భూమి ఉన్నవాళ్లు రెండింటిలోనూ ఒకటే రాసి ముందుకు పోతారు. బొగ్గుబాయి కార్మికుల ఇండ్లలో పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగిన మాలాంటి వాళ్లం మాత్రం అక్కడే పెన్ను ఆపుతాం. శాశ్వతం అని ఏది రాయాలి? తాత విడిచి వచ్చిన పల్లెనా? నాన్న నౌకరి ఉన్నన్ని రోజులే మాదైన కంపెనీ క్వార్టరా? పదేండ్లకు పైగా మాకు అన్నం పెట్టిన హాస్టలా?

సింగరేణి చరిత్రే వలసల చరిత్ర. 1889లో ఇల్లెందులో మొదలైన బొగ్గు తవ్వకం 1960ల్లో మన రామగుండం ప్రాంతానికి విస్తరించింది. బాయిల వెంట మనుషులు వచ్చారు, మనుషుల వెంట గోదావరిఖని పెరిగింది. ఒక బాయి మూతపడితే కార్మికుడు ఇంకో బాయికి బదిలీ అవుతాడు. మా నాన్న కూడా బెల్లంపల్లి నుంచి ఖనికి అట్లా వచ్చినవాడే. మేము నాలుగో తరగతి దాకా బెల్లంపల్లిలో, ఆ తర్వాత ఇటువైపు హాస్టళ్లలో చదివాం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిమి మేమే కాబట్టి, ఈ కాగితాల సంగతి చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కొక్క కౌంటర్ దగ్గర ఒక్కొక్కటిగా నేర్చుకున్నాం.

స్థానికత అడగడం తప్పని మేము అనం. ఆ హక్కు కోసం కొట్లాడిన ప్రాంతం మనది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో పదిహేనేండ్ల నివాసం షరతు ఉండేది. 1969 ఉద్యమానికి నిప్పు రాజుకున్నది పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గరే. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. నాలుగు నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివామో దాన్నిబట్టి స్థానికత లెక్కించేవారు. 2011లో సకల జనుల సమ్మెలో మన బాయిలు ఆగిపోయినప్పుడు కార్మికులు అడిగిన వాటిలో ఈ నౌకరీల న్యాయం కూడా ఉంది. తెలంగాణ వచ్చాక 2018 ఉత్తర్వులతో స్థానికులకు 95 శాతం వాటా దక్కింది, లెక్క ఒకటి నుంచి ఏడో తరగతికి మారింది. ఆ ఏడేండ్లలో నాలుగేండ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులం. ఈ లెక్కన మేము మంచిర్యాల జిల్లా వాళ్లం. రేషన్ కార్డు, ఓటు మాత్రం పెద్దపల్లి జిల్లావి. రెంటికీ నడుమ గోదావరి బ్రిడ్జి ఒక్కటే! పైగా 2016లో జిల్లాలు మారాయి కాబట్టి మా పాత స్టడీ సర్టిఫికెట్ల మీద ఆదిలాబాద్ జిల్లా అని ఉంటుంది.

ఇది దేశం దాటని మా సంగతి. దేశం దాటి వచ్చినవాళ్ల కష్టం ఇంకా పెద్దది.

మా హాస్టల్ పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఉన్నారు. డిగ్రీలో ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ సాధించారు. ఇంటి అప్పు తీర్చడానికి ఇరవై రెండో ఏట షార్జా పోయి, రెండేండ్లు పనిచేసి తిరిగి వచ్చారు. వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున మన హాస్టల్ తమ్ముళ్లతో ఉచితంగా పరేడ్, రన్నింగ్ చేయిస్తున్నారు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షలో ‘సి’ సర్టిఫికెట్‌కు గరిష్ఠ మార్కుల్లో 5 శాతం బోనస్ ఉంటుంది. అన్న కష్టపడి ఎంపికయ్యారు. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది.

ఆ ఖాళీలు రాష్ట్రాలవారీగా ఉంటాయి కాబట్టి నివాస ధృవీకరణ కావాలి. వాళ్ల నాన్న రిటైర్ అయ్యారు, క్వార్టర్ ఖాళీ చేశారు. విచారణకు వచ్చిన వారికి ఆ వాడకట్టులో కొత్త ముఖాలే కనిపించాయి, అన్న పేరు తెలిసినవాళ్లు లేరు. ఇక అటెస్టేషన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇరవై ఒక్క ఏండ్లు నిండిన తర్వాత విదేశంలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారు? అన్న మూడు లేబర్ క్యాంపులు మారారు. అక్కడ ఇంటి నంబరు ఉండదు, కంపెనీ పోస్టు బాక్సు నంబరే చిరునామా. అది రాస్తే ఒక కార్యాలయంలో ఇది చెల్లదన్నారు. “తమ్మీ, పోయేటప్పుడు పాస్‌పోర్టుకు నా గురించి ఇక్కడ అడిగిండ్రు. వచ్చినంక అక్కడి గురించి అడుగుతున్నరు. రెండు దిక్కులా నేను పరాయోణ్ణే అయిన” అని అన్న ఒకనాడు నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి మాకు నవ్వు రాలేదు. ఆయనతో ఎంపికైన వాళ్లు ట్రైనింగ్‌కు పోయారు. ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి ఆయన ఫైలు ఇంకా విచారణలోనే ఉంది.

తుపాకీ చేతికిచ్చే ఉద్యోగానికి విచారణ ఉండొద్దని ఎవరూ అనరు. ఒకప్పుడు సికాస పేరు మార్మోగిన ఈ బస్తీల్లో పోలీసు విచారణ అంటే ఇప్పటికీ తల్లుల గుండె దడదడలాడుతుంది. అయినా దాన్ని తప్పించుకోవాలని మేము కోరడం లేదు. మా బాధ ఒక్కటే. పని కోసం ఊరు మారినవాడు అనుమానితుడు ఎట్లా అవుతాడు? భూమి ఉన్నవాడికి పట్టా సాక్ష్యం, ఇల్లు ఉన్నవాడికి పన్ను రసీదు సాక్ష్యం. రెండూ లేనివాడికి ఎవరు సాక్ష్యం?

మాకు తోచిన జవాబు మన హాస్టల్లోనే ఉంది. అది అడ్మిషన్ రిజిస్టర్. ఏ సంవత్సరం ఏ పిల్లవాడు చేరాడు, తండ్రి ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు వెళ్లాడు, అన్నీ అందులో ఉంటాయి. హాజరు పట్టీలో రోజువారీ లెక్క కూడా ఉంటుంది. పదేండ్లు ఒకచోట ఉన్నామనడానికి ఇంతకన్నా గట్టి కాగితం పేదవాడి దగ్గర ఇంకేముంటుంది? హాస్టల్ విడిచే ప్రతి విద్యార్థికీ ఉన్న సంవత్సరాలు రాసి, సంతకం, ముద్ర వేసి ఒక సర్టిఫికెట్ ఇవ్వాలని, పాత రిజిస్టర్లను చెదలు పట్టకుండా కాపాడాలని వార్డెన్ సార్‌ను, శాఖ అధికారులను ఈ సంచిక ద్వారా సవినయంగా కోరుతున్నాం.

తమ్ముళ్లకు కూడా నాలుగు మాటలు. ఒకటో తరగతి నుంచి ప్రతి బడి బోనఫైడ్ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చి దాచుకోండి. బడులు మూతపడుతున్నాయి, రేపు అడిగితే దొరకవు. గల్ఫ్ పోయే అన్నదమ్ములు ఉంటే పాస్‌పోర్టులో వీసా, రాకపోకల ముద్రల పేజీలు, కంపెనీ ఇచ్చిన లెటర్ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టించండి. వచ్చేముందే అక్కడి పోలీసుల సత్ప్రవర్తన సర్టిఫికెట్ తెచ్చుకొమ్మని చెప్పండి. ఫారంలో ఏదీ దాచకండి. సమాచారం నిజమై ఉండాలని, దాచడం ప్రమాదమని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చిన్న పొరపాట్ల విషయంలో మాత్రం అధికారులు అన్ని పరిస్థితులూ చూసి నిర్ణయించాలని కూడా ఆ తీర్పే చెప్పింది.

వచ్చే ఆదివారం కూడా పొద్దున ఐదున్నరకే పరేడ్ ఉంటుంది. అన్న వస్తానన్నారు. అందరూ బూట్లు వేసుకొని టైంకు రండి.