రేవు వాకిట హాకీ నిచ్చెన

పేరులోనే ఓడల వాసన ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఖిదిర్‌పూర్‌లో ఓడల కార్ఖానా పెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే జనం నోట నలిగి వాట్‌గంజ్ అయింది. ఒకవైపు 1892లో మొదలైన ఖిదిర్‌పూర్ డాక్‌ల ప్రహరీలు, మరోవైపు ఇరుకు సందులు, గోదాములు, సరుకు లారీలు. కోల్‌కతాలో చాలామందికి ఈ పేట పోలీసు వార్తల ద్వారానే తెలుసు. కానీ ఆదిగంగ కాలువ దాటి హేస్టింగ్స్ మీదుగా మైదాన్ చేరుకుంటే ఈ రేవుకున్న మరో చరిత్ర బయటపడుతుంది. అది హాకీ చరిత్ర.

కెనడాలో మంచు హాకీ కుర్రాళ్లకు 16 ఏళ్లకే మేజర్ జూనియర్ లీగ్‌లు దారి చూపిస్తాయి. కలకత్తాలో అలాంటి జూనియర్ లీగ్ లేకుండానే ఒక నిచ్చెన ఏర్పడింది. కింది మెట్టు ఆంగ్లో ఇండియన్ పాఠశాలలు. అక్కడ హాకీ దాదాపు పాఠ్యాంశమే. పై మెట్లు రేవు, కస్టమ్స్, రైల్వే జట్లు. చేతిలో స్టిక్, దాని వెనకే ఉద్యోగం. 1895లో బైటన్ కప్, 1905లో కలకత్తా హాకీ లీగ్ మొదలయ్యాయి. 1933 బైటన్ ఫైనల్‌లో కలకత్తా కస్టమ్స్‌ను ఝాన్సీ హీరోస్ ఓడించింది. తాను ఆడిన అత్యుత్తమ మ్యాచ్ అదేనని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

డాక్‌లు దాటి పడమటికి వెళితే గార్డెన్ రీచ్. వాల్తేరు దాకా విస్తరించిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కేంద్ర కార్యాలయం ఇక్కడే ఉండేది. ఇప్పుడది ఆగ్నేయ రైల్వేది. ఈ రైల్వే కొలువుల కోసమే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు తరలాయి. అదే ఖరగ్‌పూర్‌లో 1946లో బి.ఎన్.ఆర్. జట్ల ప్రాక్టీసు మ్యాచ్ చూడ్డానికొచ్చిన ఒక ఫుట్‌బాల్ కుర్రాడి చేతికి 1932 ఒలింపిక్ విజేత డికీ కార్ స్టిక్ ఇచ్చి ఆడమన్నాడు. ఆ కుర్రాడే లెస్లీ క్లాడియస్. రెండేళ్లకే లండన్‌లో స్వర్ణం. ఆ తర్వాత 1952, 1956లో మరో రెండు స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం. పోర్ట్ కమిషనర్స్‌కు, ఆపైన కస్టమ్స్‌కు ఆడిన ఆయన 2012లో కోల్‌కతాలోనే కన్నుమూశారు.

అంతటి నిచ్చెన ఎలా విరిగింది? మొదటి దెబ్బ వలసలు. స్వాతంత్య్రం తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బ్రిటన్, ఆస్ట్రేలియా బాట పట్టాయి. జబల్‌పూర్ నుంచి వెళ్లిన పియర్స్ సోదరులు అయిదుగురూ ఆస్ట్రేలియాకు ఆడారంటే మనం పోగొట్టుకున్నదేమిటో అర్థమవుతుంది. రెండో దెబ్బ 1976లో తగిలింది. మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ కృత్రిమ గడ్డిపైకి మారగా భారత్ ఏడో స్థానానికి జారింది. మైదాన్ లీగ్ మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు మామూలు పచ్చికపైనే, ఫుట్‌బాల్‌కు ముందు దొరికే కొద్ది వారాల్లో సాగింది. ఆ పచ్చికపై నేర్చిన కుర్రాడు జాతీయ పోటీల్లో కొత్తగా ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చేది. ఇక మూడో దెబ్బ రేవుదే. 1977లో హల్దియా డాక్ వచ్చాక పెద్ద ఓడలు అటు మళ్లాయి. కంటైనర్లు వచ్చి మనుషుల అవసరాన్ని తగ్గించాయి. కొలువులు తగ్గాక ఆటగాళ్ల నియామకాలు మాత్రం ఎందుకుంటాయి?

1902లో నగరంలో తొలి విద్యుత్ ట్రామ్ ఎస్‌ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కే నడిచింది. రేవు మనుషులను మైదాన్ అంచునే తీసుకెళ్లిన ఆ మార్గం 2020 అంఫన్ తుపాను దెబ్బకు ఆగిపోయింది. హాకీ మాత్రం పూర్తిగా ఆగలేదు. 2000లో హాకీని వదిలేసిన మోహన్ బగాన్ రెండు దశాబ్దాలు దాటాక మళ్లీ జట్టును బరిలోకి దించింది. ఇది శుభవార్తే. అయితే పాత జట్లు కుర్రాళ్లకు జెర్సీతోపాటు నెల జీతం కూడా ఇచ్చేవి. పొద్దున్నే స్టిక్ పట్టుకుని వెళ్లే పిల్లవాణ్ని ఇంట్లోవాళ్లు ఆపకపోవడానికి ఆ జీతమే కారణం. వాట్‌గంజ్ లాంటి పేటలో కొత్త స్టేడియం కట్టడం కంటే ఆ నమ్మకాన్ని తిరిగి కట్టడమే కష్టం.