దిగడం నేర్పిన కొండ

జర్మనీ నడిమధ్యన, ఫుల్డా పట్టణానికి తూర్పున, రోన్ పర్వతశ్రేణిలో 950 మీటర్ల ఎత్తున నిలిచిన శిఖరం వాసర్‌కుప్పె. దాని పచ్చిక బయళ్ల మీద వీచే గాలిని నమ్ముకునే 1911లో డార్మ్‌స్టాట్ విద్యార్థులు ఇక్కడ గ్లైడర్లు ఎగురవేశారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో ఇంజను విమానాలపై ఆంక్షలు రాగా, 1920లో గ్లైడర్ల పోటీలు ఇక్కడే ఆరంభమయ్యాయి.

1926 ఆగస్టులో మాక్స్ కెగెల్ అనే వైమానికుణ్ణి ఉరుముల మేఘమొకటి తనలోకి లాగుకున్నది. ఆయన 55 కిలోమీటర్ల దూరాన క్షేమంగా నేల దిగాడు. కొండగాలిని విడిచి దూరం పోవడమంటే, పరుల పొలంలో దిగడానికి సిద్ధపడటమే.

నేటి మేలైన గ్లైడరు నిశ్చలమైన గాలిలో కిలోమీటరు ఎత్తు నుండి 40 కిలోమీటర్ల దూరం జారగలదు. అయినా పైకి లేపే గాలి కరవైతే పొలమే గతి. ఈ విద్యలో అది మామూలు సంగతే. దానిని తరచు ప్రమాదంగా మార్చేది ఆలస్యం. మరొక గాలి కెరటం దొరకకపోతుందా అన్న ఆశతో వైమానికుడు ఎత్తును పోగొట్టుకుంటాడు. నేల చేరువయ్యాక కంగారుగా మలుపు తిప్పబోతే, వేగం చాలక రెక్క గాలిలో పట్టు తప్పుతుంది. గ్లైడరు గిరగిర తిరుగుతూ కూలుతుంది. కోలుకునేందుకు ఎత్తు మిగలదు.

నేల మీది ఉచ్చులు వేరు. విద్యుత్తు తీగలు పైనుండి కానరావు. స్తంభాలను చూసి ఊహించుకోవాలి. ఏపుగా ఎదిగిన పైరు తివాచీలా భ్రమ గొలుపుతుంది. అందులో ఒక రెక్క చిక్కుకుంటే గ్లైడరు బొంగరమై, తోక విరుగుతుంది. పైనుండి చూసినా వాలుగా తోచే చేను నిజానికి మరీ వాలు; అక్కడ వెనుకగాలి వీచినా ఎగువకే దిగమంటారు శిక్షకులు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సుమారు 600 మీటర్ల ఎత్తున దిగదగిన ప్రాంతాన్ని, 450 మీటర్ల వద్ద ఒక పొలాన్ని ఎంచుకోవాలి. 300 మీటర్లకు దిగే ప్రయత్నం ఆరంభించాలి. ఇది శిక్షణలో తరచు వినవచ్చే లెక్క. ఆపైన గాలి ఎంత ఊరించినా మనసు మార్చుకోరాదు.

శిఖరంపై, యుద్ధంలో అసువులు బాసిన వైమానికుల స్మారకంగా 1923లో ప్రతిష్ఠించిన కంచు గద్ద రాళ్లగుట్ట మీద కూర్చుని ఉంది. అక్కడి నుండి చూస్తే అడవులు, పల్లెలు, చేలు కనుచూపు మేర పరచుకుని ఉంటాయి. కోతలైన ప్రతి చేనూ ఒక రేవే. ఎత్తుండగా దానిని గుర్తించినవాడే మర్నాడు మళ్లీ ఎగురుతాడు.