బతుకమ్మ చీరల బొంత

అమ్మ ఇనుప పెట్టెలో అయిదు బతుకమ్మ చీరలున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వంకాయ రంగు, నారింజ. అన్నిటికీ జరీ అంచే. ఒక్కటి కూడా మడత విప్పలేదు. ఖైరతాబాద్ చింతల్‌బస్తీలో రేషన్ షాపు ముందు లైన్లో నిలబడి తెచ్చుకున్నవి. కట్టుకోవే అమ్మా అంటే "పాలిస్టర్ బిడ్డా, చెమట పీల్వది" అంటుంది. పోనీ ఎవరికన్నా ఇచ్చేద్దామంటే "ఉండనియ్" అంటుంది.

మొన్న వానాకాలంలో గోడకు చెమ్మ ఎక్కి పెట్టె అడుగు తుప్పు పట్టింది. చీరలు బయటికి తీయక తప్పలేదు. మంచం మీద పరిచి చూస్తుంటే, వీటితో అమ్మకే ఒక బొంత కుడితే బాగుంటుంది కదా అనిపించింది. చెప్తే నవ్వింది. "కొత్త చీరలతోని బొంత కుడతరా ఎవరన్న?"

నిజమే. మా ఇళ్ళలో చీరకు బొంత ఆఖరి మజిలీ లాంటిది. ముందు పండక్కి కడతారు, తర్వాత రోజూ కడతారు, మెత్తబడ్డాక పిల్లల ఉయ్యాలవుతుంది, ఆ పైన బొంత. అప్పటికి అది చీరల్లే ఉండదు, ఇంట్లో మనిషల్లే ఉంటుంది. ఈ అయిదింటికీ ఆ చరిత్ర ఏదీ లేదు. అయినా అమ్మ వాటిని వదలదు. ఎందుకో తెలియాలంటే సిరిసిల్ల సంగతి చెప్పాలి.

అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. మామకు నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆ చప్పుడుకు మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టేది కాదు. హైదరాబాద్ తిరిగొచ్చాక చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. 2000 తర్వాత సిరిసిల్ల పేరు పేపర్లో ఎలాంటి వార్తలతో వచ్చేదో మీకు గుర్తుండే ఉంటుంది. మామ ఆ దారి పట్టలేదు. సాంచాలు అమ్మేసి, అందరిలాగే భివండీ పోయాడు. అక్కడ ఇంకొకరి సాంచాల మీద పని చేసి, అక్కడే పోయాడు.

2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు మొదలుపెట్టింది. సిరిసిల్ల నేతన్నలకు చేతినిండా పని దొరకాలన్నది అందులో ఒక ఉద్దేశం. మొదటి ఏడాదే నాణ్యత మీద గొడవైంది, కొన్నిచోట్ల ఆడవాళ్ళు చీరలు తగలబెట్టారు. తర్వాత రంగులు, డిజైన్లు పెరిగాయి. ఏటా దాదాపు కోటి చీరలు. 2023 తర్వాత ఆ పంపిణీ ఆగిపోయింది. టీవీలో చీరలు తగలబెట్టడం చూసినప్పుడు అమ్మ ఒకటే మాటంది. "ఇదేదో పదిహేనేండ్ల కింద ఇస్తే మీ మామ భివండీ పోకపోవు." అందుకే అవి ఒంటి మీదికి రావు, ఇంట్లోంచి పోవు.

డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఈ మధ్య క్విల్టింగ్ నేర్చుకుంటోంది. బొంత సంగతి చెప్పగానే అది మాస్టారై కూర్చుంది. క్రిస్మస్‌కి నెలల ముందే అక్కడి షాపుల్లో హాలిడే కలెక్షన్లు దిగుతాయట. ఒకే రంగుల కుటుంబంలో రకరకాల ప్రింట్లు వేసి, ముందే కోసి కట్టలు కట్టి అమ్ముతారు. అయిదంగుళాల చదరాలైతే చార్మ్ ప్యాక్, రెండున్నర అంగుళాల పట్టీలైతే జెల్లీ రోల్, పదంగుళాల చదరాలైతే లేయర్ కేక్. కుట్టే బట్టకు తినే పేర్లేమిటో! "అమ్మా, ముందు ప్యాటర్న్ నచ్చిందని దిగకు. బట్టను చూడు. పెద్ద పువ్వుంటే పెద్ద ముక్క కోయాలి. చిన్నగా కోస్తే పువ్వూ పోతుంది, బట్టా పోతుంది" అంది.

నేను వినలేదు. ఎనిమిది కోణాల నక్షత్రం నచ్చింది. ఆకుపచ్చ చీర కొంగు వైపు నుంచి ముక్కలు కోశాను. పాలిస్టర్ కత్తెర కింద నిలవదు, జారిపోతుంది. కోసిన అంచు నుంచి దారాలు ఊడుతూనే ఉంటాయి. కొనల దగ్గర కుట్టు పట్టేంత బట్టే మిగల్లేదు. ఇస్త్రీ కొంచెం వేడెక్కితే ముడుచుకుపోయింది. రెండు రోజులు కష్టపడితే ఒక నక్షత్రం వచ్చింది, అదీ కొనలు అరిగిపోయి బెండకాయ ముక్కలా ఉంది.

అమ్మాయి వీడియో కాల్లో చూసి, అయిదు చీరలూ పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయమంది. తీశాను. ఆశ్చర్యం, అయిదూ ఒకటే బూడిద రంగు! కంటికి అంత వేరుగా కనబడ్డ రంగులు ముదురులో, లేతలో ఏమీ తేడా లేనివి. ఎంత గొప్ప ప్యాటర్న్ వేసినా అందులో కలిసిపోతుంది. "నీకు లేత రంగు కావాలమ్మా" అంది.

అమీర్‌పేటలో ఒక మ్యాచింగ్ సెంటర్‌కి పోయాను. తెలుపు అడిగితే ఆ అబ్బాయి గల్లా బల్ల మీద ఏడు తెలుపులు పరిచాడు. పాల తెలుపు, దంతం తెలుపు, గంధం తెలుపు... ఏదీ ఆ చీరల పక్కన కుదురుగా అనిపించక ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

అప్పటిదాకా ఊరకున్న అమ్మ, "బతుకమ్మను ఎట్ల పేరుస్తమే?" అంది. "ఒక వరుస రంగు పూలు, ఒక వరుస తెల్ల గునుగు. తెలుపు లేకుంటే తంగేడు తంగేడు లెక్క కనబడదు, బంతి బంతి లెక్క కనబడదు. అంచుల నుంచి మొదలువెట్టి పైకి పోతం. నడుమ ఖాళీల ఆకూ అలమూ కూరుతం." లేచి బీరువా పైనుంచి పాత దుప్పట్లో చుట్టిన మూట దింపమంది. అందులో కోర గుడ్డ తాను. పన్నెండు మీటర్లుంటుంది. మడతల దగ్గర పసుపు పచ్చగా మారింది. మామ సాంచాలు అమ్మేసే ముందు దిగిన ఆఖరి గుడ్డ. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు.

దాన్ని కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదు. "నానబెట్టు ముందు. గంజి పోవాలె, కుంచించుకపోయేది ఇప్పుడే పోవాలె" అంది అమ్మ, అంతే. రెండుసార్లు ఉతికాక తెల్లబడింది, మెత్తబడింది.

అమెరికా వాళ్ళ లాగ్ కేబిన్ ప్యాటర్న్‌లో నడుమ ఒక చదరం పెట్టి, దాని చుట్టూ పట్టీలు వేసుకుంటూ బయటికి వస్తారు. నడుమ చదరం ఎరుపు వేయడం పాత అలవాటు, పొయ్యికి గుర్తట. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు కవందిని అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకి చేరతారు. అమ్మ చెప్పిందీ అదే. కోర గుడ్డ సగం కింద పరిచాం. దాని మీద అమ్మ పాత నూలు చీరలు మూడు, ఆకూ అలమూ అవే. పైన అంచు నుంచి లోపలికి పట్టీలు. ఒక రంగు, ఒక తెలుపు. పట్టీ అంచులు లోపలికి మడిచి కుట్టడంతో ఊడే దారాల బాధ దానంతటదే తీరింది. జరీ అంచులు సూదికి లొంగవు. వాటిని కోయకుండా నిడుపుగా తీసి, నాలుగు పక్కలా బయటి వరుసకు వాడాం. నడుమ గౌరమ్మకని ఒక పసుపు పచ్చ ముక్క.

అమ్మకు కళ్ళు సరిగా ఆనవు. పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడతాను. గుడ్డను బొటనవేలితో తడుముతూ కుడుతుంది. పాలిస్టర్ మీద ఆగి ఆగి, కోర గుడ్డ మీదికి రాగానే గబగబా. "ఇది మా అన్నది" అంటుంది, చూడకుండానే. సద్దుల బతుకమ్మకి రెండు రోజుల ముందు అయిపోయింది.

ఫోటో చూసి అమ్మాయి గోడకు వేలాడదీయమంది. అమ్మ వినలేదు, ఆ రాత్రే మంచం మీద పరుచుకుంది. దీపం తీయబోతూ చూశాను. బొంత తిరగేసి ఉంది. రంగులన్నీ కిందికి, తెల్ల కోర గుడ్డ పైకి.

"అదేందమ్మా, ఇంత కష్టపడి పేరిస్తే?"

"పూలు కిందనే ఉండనియ్ బిడ్డా. పండేది నేను. ఇది చల్లగుంటది" అంది, గుడ్డను అరచేత్తో సాపు చేసుకుంటూ.