అయిదవ సమాధానం

టీవీలో వచ్చే ఆటల కార్యక్రమాలంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. మధ్యాహ్న భోజనాలయ్యాక మా ఇంట్లో ఈటీవీ పెట్టి, సుమ గారి ‘స్టార్ మహిళ’ చూడడం ఇల్లాలికి అలవాటు. ఊరూరి నుంచి వచ్చిన గృహిణులు పోటీలు పడుతుంటే లోపలినుంచి నవ్వులు వినవచ్చేవి. నేను ఏదో ఒక పుస్తకం చేతబట్టి అరుగుమీదికి పోయి, ‘ఇదేమి కాలక్షేపమో’ అని విసుక్కునేవాణ్ణి. అటువంటి నేను 2021లో ఒక ఆటకోసం రాత్రిపూట గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆ కథ చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ఆ ఆట పేరు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’. దాని పుట్టిల్లు బ్రిటను. పుట్టిన యేడు 1998. 2000లో అమితాబ్ బచ్చన్ గారి గొంతుతో హిందీలోకి వచ్చింది. తెలుగులో 2014లో మా టీవీలో నాగార్జున గారు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అని అడిగారు; 2017లో చిరంజీవి గారు ఆ పీఠమెక్కారు. 2021లో అది జెమినీ టీవీకి మారి, ఎన్టీఆర్ గారి చేతికి వచ్చింది. పేరులో మాటలు అటూ ఇటూ అయి, ‘కోటీశ్వరుడు’ కాస్తా ‘కోటీశ్వరులు’ అయింది. పుంలింగైకవచనం పోయి ఆడవారికి కూడా చోటు దొరికింది గదా అని, వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన నాకు ముచ్చట వేసింది.

ఆగస్టు 22వ తేదీ రాత్రి మొదటి ఆటకు అతిథిగా రాంచరణ్ గారు వచ్చారు. కరోనా రెండవ విడత తగ్గుముఖం పట్టి, మనుషులు మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న రోజులవి. వ్రాస్తూ వ్రాస్తూ తలయెత్తి నేనూ చూశాను. ఎన్టీఆర్ గారి ఉచ్చారణలో తప్పులు వెదుకుదామన్నది నా ఉద్దేశం. కాని నా చూపు వేరే దానిమీద నిలిచింది. తెరమీద లక్షలాది మంది చప్పట్లు అందుకునే కథానాయకుడు నాలుగు సమాధానాల ముందు కూర్చుని తటపటాయిస్తున్నాడు. అడిగేవాడు తొందరపెట్టడం లేదు. నవ్వుతున్నాడు గాని ఎగతాళి చేయడం లేదు. తరువాత రాజమౌళి, కొరటాల శివ గార్లు జంటగా వచ్చారు. దేవిశ్రీ ప్రసాద్, తమన్ గార్లు వచ్చారు. సమంత గారు వచ్చారు. ఎంతటివారైనా ఏదో ఒక ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించవలసినవారే.

ఆ ఆటలో నన్ను ఆకట్టుకున్న నియమం ఒకటుంది. జవాబు తోచకపోతే సాయం అడగవచ్చు. అప్పటికీ తోచకపోతే విరమించుకోవచ్చు. అంతవరకు గెలిచిన సొమ్ము తీసుకుని గౌరవంగా లేచి వెళ్ళవచ్చు. తెలియకపోయినా తెలిసినట్లు చెప్పి తప్పితేనే నష్టం. తెరమీద కనిపించే సమాధానాలు నాలుగు. కనిపించని అయిదవది ‘తెలియదు’. దానికి శిక్ష లేదు.

ముప్పైయేళ్ళకు పైగా ప్రశ్నలడిగిన నేను ఒక్కనాడైనా ఆ అయిదవ సమాధానానికి చోటిచ్చానా? ఈ ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు.

సెప్టెంబరులో ఒక సాయంకాలం డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. అడవులదీవి నుంచి. ఆ ఆటలో పాల్గొనాలని పేరు పంపుకున్నదట. ‘నన్ను పిలిస్తే, చిక్కు ప్రశ్న వచ్చినప్పుడు సాయం అడగడానికి మీ పేరు ఇస్తాను తాతగారూ. తెలుగు, పురాణాలు మీరైతేనే చెప్పగలరని మా నాన్న అన్నాడు’ అన్నది. నాన్న ఎవరమ్మా అని అడిగేలోగా, గుమ్మం బయట నిలబడిన మనిషిని చూశాను. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. గుర్తుపట్టాక నోట మాట రాలేదు.

1988లో అతడు ఎనిమిదవ తరగతి. నేను పండిత శిక్షణ ముగించుకుని వచ్చిన కొత్త. నాకు వచ్చినదంతా పిల్లలకూ రావాలన్న ఆవేశం. ఒకనాడు ‘ప్రత్యుత్తరము’ అన్న పదం విడదీసి సంధి పేరు చెప్పమన్నాను. తెల్లవారుజామున తండ్రితో వేటకు వెళ్ళి, పడవ దిగి నేరుగా బడికి వచ్చే పిల్లవాడు. లేచి నిలుచున్నాడు, పలకలేదు. నా ప్రశ్నకు మౌనం అవమానమనిపించింది. గంట కొట్టేదాకా నిలబెట్టాను. మరునాడూ అదే ప్రశ్న, అదే మౌనం, అదే శిక్ష. ‘వల లాగే చేతులకు వ్యాకరణమెందుకులే’ అన్నాను కూడా. తరగతి అంతా నవ్వింది. మూడవనాడు అతడు రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు.

ఆ మనిషి ఇప్పుడు రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు గాని, నేను కూర్చోమని రెండుసార్లు చెప్పేదాకా కూర్చోలేదు.

‘నా పేరే ఎందుకు చెప్పావురా?’ అన్నాను.

‘అప్పుడు నాకు తెలీలేదు గాని, మీకు తెలుసు గదండీ మాస్టారూ’ అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

నాటినుంచి సెల్‌ఫోను నా పక్కనే ఉండేది. ఇల్లాలు నవ్వేది. అటకమీది పురాణాలు దింపి మళ్ళీ చదివాను. ఆ పిల్లకు ఒక్క జవాబు అందించగలిగితే తండ్రికి పడిన బాకీ కొంతైనా తీరుతుందని ఆశ. నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు ఒకరు కోటి రూపాయలు గెలిచారు. మనవాళ్ళకూ సాధ్యమేనని ఆ అమ్మాయి సంబరపడుతూ ఫోను చేసింది. డిసెంబరులో మహేశ్ బాబు గారు అతిథిగా వచ్చారు. అంతటితో సరి. ఆ ఆట ఎన్టీఆర్ గారి చేతిలో ఒక్క విడతతోనే ముగిసింది. ఆ అమ్మాయికి పిలుపు రాలేదు. నాకు ఫోను రాలేదు.

నిరాశ పడ్డాను. కొన్నాళ్ళకు నిరాశ వెనుక ఉన్న పిరికితనం కనబడింది. హైదరాబాదులో ఎవరో బొత్తాము నొక్కితే, లోకమంతా చూస్తుండగా పండితుడిగా జవాబు చెప్పి, దాన్నే క్షమాపణగా చెల్లుబెట్టుకుందామనుకున్నాను. నేను తరగతి ముందు చేసిన తప్పుకు టీవీ ముందు పరిహారమా?

సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం అడవులదీవి వెళ్ళాను. అతడు చెరువు గట్టుమీద మేత బస్తాలు సర్దుతున్నాడు. నన్ను చూసి కంగారుగా తువ్వాలు దులిపి గట్టుమీద పరిచాడు. నేను కూర్చోలేదు. ‘ఆనాడు నిన్ను నిలబెట్టడం తప్పురా. తెలియదని చెప్పే వీలు నీకు నేనివ్వలేదు. ఆ మాట అనడం ఇంకా పెద్ద తప్పు’ అన్నాను.

‘అయ్యో, అవన్నీ ఎవరికి గుర్తున్నాయి మాస్టారూ’ అని అతడు తల వంచుకున్నాడు. గాలికి చెరువునీళ్ళు గట్టుకు కొట్టుకుంటున్నాయి. కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తరువాత అతడే అడిగాడు: ‘ఇంతకీ ఆ మాటకు జవాబేంటండీ?’

‘ప్రతి, ఉత్తరము. యణాదేశ సంధి’ అన్నాను. ముప్పైమూడేళ్ళ క్రితం ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేను. జవాబు కూడా ఆనాడే నేను చెప్పి, కూర్చో నాయనా అని ఉంటే సరిపోయేది.