వొలారే నుంచి కిన్నెర దాకా

తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అన్నారని చెప్పుకుని మనం మురిసిపోని సభ ఉండదు. అజంత భాష కదా, మాట చివర అచ్చు పలుకుతుంది, పాటకి వాటంగా ఉంటుంది. ఒప్పుకుంటాను. కానీ నాదో సందేహం. ఇటాలియన్ పాట లోకమంతా తిరిగింది భాష తియ్యగా ఉన్నందుకేనా? అలాగైతే మన పాట ఇన్నాళ్ళూ ఇల్లు కదలలేదేం?

1958లో డొమెనికో మొదూన్యో సాన్‌రెమో పాటల పోటీలో గెలిచాడు. జనం "వొలారే" అని పిలుచుకునే పాట అది. ఆ ఏడు యూరోవిజన్‌లో దక్కింది మూడో స్థానమే. అయినా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో అయిదు వారాలు పైన కూర్చుంది. 1959లో మొట్టమొదటి గ్రామీల్లో రెండు పెద్ద బహుమతులు కొట్టుకుపోయింది. ఇంగ్లీషు ముక్క ఒక్కటి లేకుండా!

ఫ్రెంచి వాళ్ళ పాటకి ఇంకో దారి దొరికింది. క్లోద్ ఫ్రాన్స్వా 1967లో పాడిన "కొమ్ దాబిత్యూద్", రోజువారీ అలవాటులో చల్లబడిపోయిన జంట గురించి. పాల్ ఆంకా ఆ బాణీ తీసుకుని పూర్తిగా వేరే మాటలు రాస్తే, సినాత్రా గొంతులో 1969లో "మై వే" అయింది. బాణీ సముద్రం దాటింది, అర్థం ఒడ్డునే ఉండిపోయింది. చాలామందికి అది ఫ్రెంచి బాణీ అనే తెలియదు.

నాకర్థమైందేంటంటే, గొంతు ఒక్కటే చాలదు, దాన్ని మోసే రోడ్డు ఒకటి కావాలి. సాన్‌రెమో 1951 నుంచి ఉంది, యూరోవిజన్ 1956 నుంచి. మనకున్న రోడ్డు సినిమా ఒక్కటే. ఆ రోడ్డు మీదే "నాటు నాటు" 2023లో ఆస్కార్ దాకా వెళ్ళింది. సంతోషమే. కానీ సినిమాలో లేని పాట సంగతేంటి?

మా అమ్రాబాద్‌కు దగ్గర్లోనే, లింగాల మండలం అవుసలికుంట. దర్శనం మొగిలయ్య గారిది ఆ ఊరు. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనంతో కట్టిన పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే మనిషి. 2021లో "భీమ్లా నాయక్" పాట మొదట్లో ఆయన గొంతు, కిన్నెర వినిపించేసరికి రాష్ట్రం తిరిగి చూసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి కూలీగా వెళ్తున్నాడని పేపర్లలో చదివాం.

సినిమా ఆయన పాటని కొన్ని క్షణాలు మోసింది, దింపేసి వెళ్ళిపోయింది. దాన్ని తప్పు పట్టను, దాని పని అది చేసింది. మిగతా దారి వేయాల్సిన వాళ్ళం మనమే కదా! పేరు రావడం వేరు, నెలనెలా బియ్యం రావడం వేరు. రెండోది లేకపోతే ఏ తండ్రి కొడుక్కి కిన్నెర నేర్పుతాడు?

మా వృత్తిలో ఒక మాటుంది: కోడ్ ఒక్కడి బుర్రలోనే ఉండి, బ్యాకప్ లేకపోతే ఆ ప్రాజెక్టు ప్రమాదంలో ఉన్నట్టే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే చేతుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మొగిలయ్య గారిని ఒక్క పాట కోసం కాకుండా, తెలిసిన కథలన్నీ మొదట్నుంచి చివరిదాకా పాడించి రికార్డు చేయాలి. ఏ మెట్టు ఎక్కడ కడతారో, తంతి ఎలా బిగిస్తారో వీడియో తీయాలి. నేర్చుకునే పిల్లలకి నెలకింత అని ఇవ్వాలి. ఇదేమంత పెద్ద ఖర్చు కాదు. అమెరికాలో మన సంఘాలు ఒక్క రాత్రి పాటకచ్చేరీకి పెట్టే డబ్బులో కొంత చాలు.

ఆస్కార్ కోసం కాదు. అచ్చంపేట సంతలో ఓ కుర్రాడు కిన్నెర పట్టుకుని కూర్చుంటే, నలుగురు ఆగి వినేందుకు. అక్కడ బతికిన పాటే కదా ఎక్కడికైనా వెళ్ళేది!